తిరిగి ఇవ్వని త్రీడీ కళ్ళద్దాల జోడుకు బహిరంగ లేఖ

నల్లగొండ,
మే నెల, ఆదివారం మధ్యాహ్నం, కరెంటు లేని వేళ.

జోడూ,

ఇలా పిలిచినందుకు ఏమీ అనుకోకు. మన భాషలో కళ్ళద్దాలూ జోడే, చెప్పులూ జోడే. గురువారం రాత్రి థియేటర్ మెట్లు దిగుతున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది రెండో అర్థమే.

నువ్వు ఇప్పుడు నా బల్ల మీద, అమ్మ ఆరబెట్టిన మామిడి ఒరుగుల చాట పక్కన ఉన్నావు. నిన్ను నేను దొంగిలించలేదు. సినిమా అయ్యాక గుమ్మం దగ్గర ఒక కుర్రవాడు ప్లాస్టిక్ బుట్ట పట్టుకొని నిలబడితే నా కళ్ళకున్న జోడు తీసి అందులో వేశాను. ఆరేళ్ల మేనల్లుడు అప్పటికే నా భుజం మీద నిద్రపోతున్నాడు. వాడి చొక్కా జేబులో నువ్వున్న సంగతి ఇంటికొచ్చి వాణ్ణి మంచం మీద వేసేటప్పుడు గుచ్చుకుంటే తెలిసింది. అలా మనకు పరిచయం.

నీ అద్దె ముప్పై రూపాయలు. టికెట్టు డబ్బులు వేరే. ముప్పై తీసుకొని నా చేతికిచ్చిన నీ తోటి జోడు మీద, నాకు ముందు దాన్ని పెట్టుకున్న పుణ్యాత్ముడి సమోసా వేలిముద్ర ఉంది. చొక్కా అంచుతో తుడిస్తే అది అద్దమంతా పరుచుకుంది. అందుకే మొదటి పది నిమిషాలు ఆ మాయాలోకంలో పొగమంచు ఎక్కువనుకున్నాను.

పొగమంచు తొలగాక కనిపించిన లోకం గురించి ఏమి చెప్పమంటావు? రాజ్యాల పేర్లు మందుల చీటీ చదివినట్టున్నాయి. భోజనానికి ముందు వేసుకోవాలా, తరువాత వేసుకోవాలా అన్నది ఒక్కటే చెప్పలేదు. గడ్డం నెరిసిన మాంత్రికుడొకడు పటం పరిచి, ఏ కొండ వెనక ఏ శాపం ఉందో ఇరవై నిమిషాలు వివరించాడు. మా భూగోళం మాస్టారు కూడా పటం మీద కర్ర పెట్టినప్పుడు మధ్యలో ఒక చలోక్తి విసిరేవారు. కథానాయకుడు అనాథ. కాదు, రాజకుమారుడు. ఈ రహస్యం విశ్రాంతి ముందు బయటపడింది, పోస్టరు మీద మాత్రం నెల కిందటే పడింది. ఆకాశం నుంచి నీలి వెలుగు స్తంభం ఒకటి దిగింది. ఎందుకు దిగిందో దానికీ తెలిసినట్టు లేదు. మేనల్లుడు నా చెవి దగ్గరకు వంగి, "మామా, సినిమా ఎప్పుడు మొదలవుతది?" అన్నాడు. అప్పటికి గంటన్నర అయింది. మూడో గంట చివర తెర మీద పడిన అక్షరాలను బట్టి చూస్తే వాడి అనుమానమే నిజం. సినిమా రెండో భాగంలో మొదలవుతుందట.

న్యాయానికి ఒక్క మాట చెప్పాలి. ఆ రెక్కల పాము ఊపిరి పీల్చినప్పుడు దాని పొలుసులు మెడ నుంచి తోక దాకా ఒకదాని వెంట ఒకటి లేచి పడటం బాగుంది. ఎవరో కంప్యూటర్ ముందు నెలల తరబడి కళ్ళు కాయలు కాసేలా కూర్చొని చేసిన పని అది. పాపం, ఆ పొలుసులకు తగిన కథ దొరకలేదు.

చివరి యుద్ధం నలభై నిమిషాలు, అదీ రాత్రిపూట. నల్ల కోట, నల్ల సైన్యం, నల్ల ఆకాశం, వీటన్నిటి మీద నీ తోటి జోడు. ఎవరు ఎవరిని నరుకుతున్నారో అరుపులను బట్టి పోల్చుకోవలసి వచ్చింది. ఇంటికొచ్చాక కోపం పట్టలేక నీ జాతకం చదివాను. చాలా థియేటర్లలో ఒకే ప్రొజెక్టరు కుడికంటి బొమ్మనూ ఎడమకంటి బొమ్మనూ మార్చి మార్చి, రెండూ కలిపి సెకనుకు 144 సార్లు తెర మీద వేస్తుందట. నీ ఒక్కో అద్దం తనది కాని బొమ్మను అడ్డుకొని, తనదైన దాన్నే కంటికి వదులుతుంది. ఆ కాపలా పనిలో, వచ్చిన వెలుతురులో సగానికి పైగా నువ్వే మింగేస్తావు. పైగా ఇలాంటి సినిమాలు చాలావాటిని మామూలు కెమెరాతోనే తీసి, లోతును తరువాత కంప్యూటర్ మీద అద్దుతారు. అంటే ముప్పై రూపాయలిచ్చి నేను అద్దెకు తెచ్చుకున్నది చీకటిని.

మా జిల్లాకు మాయా రాజ్యాలు కొత్త అనుకోకు. కత్తి కాంతారావు పుట్టింది కోదాడ దగ్గరి గుడిబండలో. అప్పట్లో అది నల్లగొండ జిల్లాయే, ఇప్పుడు సూర్యాపేటలో ఉంది. విఠలాచార్య తీసిన జానపద చిత్రాల్లో ఆయన కత్తి తిప్పుతుంటే చూసినవాళ్ళు మా ఇంట్లో ఇంకా ఉన్నారు. అట్ట కోటలు ఊగేవి, అస్థిపంజరాన్ని ఆడించే తీగ కనిపించేది. కనిపించినా మా అమ్మ తీగను చూడలేదు, కాంతారావునే చూసింది. తీగ సంగతి ఇప్పుడు నేను చెబితే నన్నే కోప్పడుతుంది.

ఇంతకీ నా ఫిర్యాదు ముప్పై రూపాయల గురించి కాదు, గురువారం గురించి.

అదే వారం మా కాలనీ ఆంజనేయస్వామి గుడి ఆవరణలో ఏడు రాత్రుల పాటల కార్యక్రమాలు పెట్టారు. ప్రవేశం ఉచితం. ప్లాస్టిక్ కుర్చీలు, కుండలో మజ్జిగ, కీచుమనే మైకు. అక్కడంతా అమృతమేనని నీకు అబద్ధం చెప్పను. సోమవారం, 44 డిగ్రీల ఎండ కాసిన రోజు సాయంత్రం, వేదిక మీది పదకొండు మంది పెద్దలకు శాలువాలు కప్పారు. చలికాలంలో ఈ శాలువాలు ఎక్కడ దాక్కుంటాయో నాకు అర్థం కాదు. ఒకాయన మెడ మీద శాలువాతో, చేతిలో కరపత్రంతో విసురుకుంటూ కళా సేవ గురించి అరగంట మాట్లాడాడు. కీర్తనలు పాడటానికి వచ్చిన సంగీతం టీచరు గారి పిల్లలకు చివరికి పన్నెండు నిమిషాలు మిగిలాయి. పల్లవి దగ్గర ఉండగానే వందన సమర్పణ మొదలైంది. మంగళవారం హరికథ, బాగానే ఉంది. శనివారం పాత సినిమా పాటల ఆర్కెస్ట్రా గురించి మాత్రం నన్ను అడగవద్దు. ఆ గాయకుడికి ప్రతిధ్వని మీటను ఎవరు చూపించారో కాని, ప్రతి మాటా మూడేసి సార్లు వినిపించింది.

బుధవారం ఒగ్గు కథ. నుదుట బండారు పసుపు, కాళ్ళకు గజ్జెలు, యాభై దాటిన మనిషి. వెనక డోళ్ళు, తాళాలు. గొర్లకాపరుల దేవుడు బీరప్ప కథ ఎత్తుకున్నాడు. ఎనిమిదిన్నరకు పానగల్లు వైపు నుంచి గాలిదుమారం లేచింది. షామియానా ఎగిరి ఒక గుంజ మీద వాలింది, కరెంటు పోయింది, మైకు చచ్చిపోయింది. డోలు మాత్రం ఆగలేదు. తొందరగా లేచిపోవచ్చని చివరి వరసలో కూర్చున్న నేను, మాట వినబడక కుర్చీ ఎత్తుకొని ముందుకు నడిచాను. నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని కుర్చీల చప్పుడు చెప్పింది. గుళ్ళో నుంచి ఒక దీపం తెచ్చి వేదిక అంచున పెట్టారు. ఆ కథకుడి భుజం మీద ఒక తువ్వాలు ఉంది, అంగట్లో దొరికే ఎర్ర గళ్ళది. తలకు చుట్టాడు, రాజు అయ్యాడు. విప్పి కొంగులా కప్పుకొని గొంతు మార్చాడు, రాణి. మడిచి మోచేతి మీద వేసుకొని ఊపాడు. నా పక్కన కూర్చున్న ముసలామె "తల పట్టుకో బిడ్డా" అంది. తువ్వాలుకు తల ఎటు ఉందో నేనూ వెతికాను.

మేనల్లుడు అక్కడ కళ్ళార్పకుండా చూశాడని రాస్తే ఈ లేఖ ఎంత అందంగా ఉండేదో! కాని వాడు అక్కడా నిద్రపోయాడు, అమ్మమ్మ ఒడిలో, డోలు చప్పుడు మధ్యలో. వాడికి నిద్ర విషయంలో పక్షపాతం లేదు.

ఇక గురువారం. సెలవులకు వచ్చిన పిల్లవాడని పది రోజుల ముందే సినిమా టికెట్లు కొన్నాను. గుడివాళ్ళ కరపత్రంలో అతిథుల పేర్లకు పదహారు పంక్తులున్నాయి. గురువారానికి ఎదురుగా "జానపద వాద్య కార్యక్రమం" అని మూడే మాటలు. ఏ వాద్యమో, ఎవరు వాయిస్తారో లేదు. ఏముందిలే అనుకొని థియేటర్‌కు వెళ్ళాను. శుక్రవారం పొద్దున పాలు తేవడానికి వెళితే అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. వచ్చింది పన్నెండు మెట్ల కిన్నెర.

నీకు కిన్నెర అంటే ఏమిటో తెలియదు కాబట్టి చెబుతున్నాను. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, స్వరాలు పలికించే మెట్లను తేనెమైనంతో అతికించి, తీగలు బిగిస్తారు. దాన్ని వాయించేవారు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 2022లో పద్మశ్రీ అందుకున్న మొగిలయ్య గారు నాగర్‌కర్నూల్ జిల్లావారు, ఆయన వాద్యం ఇదే. మా గుడికి వచ్చింది ఆయన కాదు, అటువైపు నుంచే వచ్చిన మరో పెద్దాయన. పండుగ సాయన్న కథ పాడాడట. ఉన్నవాడిని దోచి లేనివాడికి పంచిన పాలమూరు మనిషి కథ. కథానాయకుడు, గుర్రం, వెంటబడే సర్కారు, వెన్నుపోటు, అన్నీ ఉన్న కథ. పటం పరచి చెప్పవలసిన పని లేదు, ఆ వాగులూ గుట్టలూ మనకు తెలిసినవే. ఆ సమయంలో నేను నీ తోటి జోడు పెట్టుకొని, పేరు పలకడానికి రాని రాజ్యం కూలిపోతుంటే చూస్తున్నాను.

పక్కింటి రిటైర్డు మాస్టారు ఫోనులో పట్టానని ఆశ పెట్టారు. నాలుగు నిమిషాల వీడియో. అందులో మూడు నిమిషాలు ఆయన బొటనవేలు. మిగిలిన నిమిషంలో ముందు కూర్చున్నాయన బట్టతల, దాని మీద మెరిసే గుడి బల్బు, ఎక్కడో దూరంగా తేనెటీగ చిక్కుకున్నట్టు ఒక తీగ మోత. ఆ మోతను ఇప్పటికి ఆరు సార్లు విన్నాను. మాస్టారు మాత్రం ప్రతిసారీ, "అసలు నువ్వు అక్కడ ఉండవలసింది" అంటున్నారు. ఆ మాట మానుకోమని ఆయనకు ఇంకో లేఖ రాయాలి.

నీ దగ్గర ఒక మాయ ఉందని నిన్న తెలిసింది. మేనల్లుడు నిన్ను తిరగేసి పట్టుకొని మా కంప్యూటర్ తెర ముందు తిప్పుతుంటే, ఒకచోట తెర మొత్తం నల్లబడింది. ఇంకా తిప్పితే మళ్ళీ వెలిగింది. వాడు కేకపెట్టి వీధిలో పిల్లలందరినీ పిలుచుకొచ్చాడు. మూడు గంటల్లో చేయలేని పని మూడు క్షణాల్లో చేశావు. దీనికి ముప్పై రూపాయలు అడిగినా ఇచ్చేవాణ్ణి.

ఇవాళ పొద్దున వాడు నా తువ్వాలు తలకు చుట్టుకొని, దాని మీద నిన్ను పెట్టుకొని పెరట్లో తిరుగుతున్నాడు. నిద్రలో ఎంత విన్నాడో, ఎప్పుడు చూశాడో నాకు తెలియదు. రాజుగారికి కళ్ళద్దాలు ఎందుకురా అంటే, "ఎండ మామా" అన్నాడు.

ఈ సాయంత్రం కోలాటంతో ఏడు రాత్రులూ పూర్తవుతాయి. రేపు నిన్ను థియేటర్‌లో అప్పగిస్తాను. జరిమానా అడిగితే కడతాను, గురువారం తిరిగి ఇవ్వమని మాత్రం అడిగి చూస్తాను. ఒక్క మాట గుర్తుంచుకో. నీ ఎడమ అద్దం మీది గీత మావాడు పెట్టింది కాదు, అది ముందే ఉంది. బుట్ట కుర్రవాడు అడిగితే నిజం చెప్పు.

ఇట్లు,
రెండో భాగానికి టికెట్టు కొనని,
నీ నాలుగు రోజుల యజమాని