నీతి అడిగితే చర్చ అక్కడే ఆగిపోతుంది

తరగతిలో ఒక పుస్తకం చదివి వినిపించి, చివర ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అని అడిగితే ముందు బెంచీ నుంచి జవాబు వెంటనే వచ్చేస్తుంది. పెద్దల మాట వినాలి, స్నేహితులకు సాయపడాలి. కథ వినకపోయినా చెప్పగల జవాబులవి. పిల్లల నవల మీద మాట సాగాలంటే ప్రశ్న కథ మధ్యలో పడాలి. ఎక్కడ ఆపాలో టీచరు ముందురోజే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

‘రైలుబడి’నే తీసుకుందాం. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి రాసిన ‘తొత్తోచాన్’కి ఇది తెలుగు అనువాదం; మూల పుస్తకం 1981లో వచ్చింది. అందులో ఉన్నది ఆమె బాల్యమే అయినా చదువుతుంటే నవలే. మొదటి బడి వద్దని పంపేసిన తొత్తోచాన్ (చిన్నప్పటి రచయిత్రే), పాత రైలుపెట్టెలే తరగతి గదులైన తొమోయె బడి, హెడ్మాస్టరు కొబయాషి. ఆరు, ఏడు తరగతులకు చక్కగా సరిపోతుంది. అధ్యాయాలు చిన్నవి. నిమిషానికి వంద మాటలకు మించకుండా, 45 నిమిషాల పీరియడ్‌లో పావుగంట చదివితే చాలు. మిగతా సమయం పిల్లలది. తరగతికి ఒక్క కాపీ ఉన్నా పని జరుగుతుంది.

మొదటి చిక్కు పేర్లతో. బోర్డు మూలన నాలుగైదు పేర్లు రాసి చెరపకుండా ఉంచాలి. ‘చాన్’ అంటే ముద్దుగా పిలిచే పిలుపని ఒక్క ముక్క చెబితే చాలు. జపాన్ గురించి అరగంట ఉపన్యాసం ఇస్తే కథ మొదలవకముందే పిల్లలు జారిపోతారు.

ఎక్కడ ఆపాలన్నదానికి పర్సు ఘట్టం మంచి ఉదాహరణ. తొత్తోచాన్‌కి ఇష్టమైన పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోతుంది. ఆ పిల్ల పొడవాటి కాడ ఉన్న గరిటె తెచ్చి గుంటలోదంతా బయటికి తోడిపోస్తుంటే హెడ్మాస్టరు అటుగా వస్తాడు. ఇక్కడ పుస్తకం మూసేయాలి. ‘ఇప్పుడాయన ఏమంటాడు?’ అని అడిగి, పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోమనాలి. ఆ నిమిషం ఇవ్వకపోతే ఎప్పుడూ చెయ్యెత్తే నలుగురే మాట్లాడతారు. ‘కొడతాడు’, ‘అమ్మానాన్నల్ని తీసుకురమ్మంటాడు’ అనే జవాబులు తప్పకుండా వస్తాయి. అవి పిల్లలకు తెలిసిన బడి లోంచి వచ్చినవి. వాటిని దిద్దకూడదు, బోర్డు మీద రాయాలి. తర్వాత చదవాలి: పనయ్యాక అదంతా మళ్లీ లోపల పోసేస్తావు కదా అని మాత్రం అడిగి ఆయన వెళ్లిపోతాడు. అప్పుడు తరగతిలో కాసేపు నిశ్శబ్దం ఉంటుంది. టీచరు తొందరపడి దాన్ని పూరించేయకూడదు. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుంటే చాలు, వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు మొదలుపెడతారు.

పోలియో వచ్చిన యాసుఆకిచాన్‌ని తొత్తోచాన్ చెట్టెక్కించే అధ్యాయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. టీచరు గొంతులో జాలి వినిపించిందంటే తరగతిలో ఉన్న వికలాంగ విద్యార్థి వైపు అందరి తలలూ తిరుగుతాయి. అది ఆ బిడ్డకు నరకం. జాలి ప్రశ్నలు మానేసి పని గురించి అడగాలి: మొదటి నిచ్చెన ఎందుకు పనికిరాలేదు? తర్వాత ఏం తెచ్చింది? పైనుంచి లాగేటప్పుడు ఏ ప్రమాదం ఉంది? ఇలా అడిగితే యాసుఆకి కూడా కష్టపడి ఎక్కినవాడిగానే పిల్లలకు కనిపిస్తాడు. అతను చనిపోయే అధ్యాయాన్ని ఆఖరి పీరియడ్‌లో, గంట కొట్టే ముందు చదవకూడదు. ఆ రోజు ప్రశ్నలూ వద్దు.

పెద్ద చర్చకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. మొదటి బడి నుంచి పంపేశారన్న విషయం తొత్తోచాన్‌కి ఇరవై ఏళ్లు దాటేదాకా తల్లి చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదేనా? దీనికి సరైన జవాబంటూ లేదు, అందుకే పిల్లలు నిజంగా వాదించుకుంటారు.

ఇక రాత. తెలుగు రాష్ట్రాల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం (చదువు సాగుతుండగానే పిల్లల ప్రగతిని చూసే పద్ధతి) వచ్చాక పుస్తక సమీక్షకు చోటు దొరికింది, సంతోషమే. కానీ చాలా నోటుపుస్తకాల్లో అది రచయిత పేరు, పాత్రలు, సారాంశం, నీతి అనే నాలుగు శీర్షికలకు కుదించుకుపోయి, ఒకరిది చూసి ఇంకొకరు ఎక్కించుకునేదిగా మారింది. ఆ శీర్షికలు తీసేసి ఒక్కటే అడగొచ్చు: ఈ పుస్తకంలో నువ్వు ఒప్పుకోని పని ఎవరు చేశారు, ఎందుకు ఒప్పుకోవు? ఐదు వాక్యాలు చాలు. అక్షర దోషాలకు ఇందులో మార్కులు కోయకూడదు. కోస్తే పిల్లలు తమకు రాయడం వచ్చిన మాటలే రాస్తారు, అనుకున్నది రాయరు.