పావురం మీది నల్లి, కోడి మీది నల్లి ఒకటేనా?

పగటిపూట కోళ్ల షెడ్డులో వాటి జాడే కనిపించదు. చీకటి పడ్డాక టార్చి వేస్తే చెక్కల సందుల్లోంచి బూడిద రంగు చుక్కలు బయల్దేరుతుంటాయి. ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. కోడి రక్తం తాగి వెనక్కి వచ్చేటప్పుడు అవే ఎర్రగా మెరుస్తాయి. తెల్లారేసరికి మళ్లీ సందుల్లో మాయం. ఇదే ఎర్రనల్లి, డెర్మానిసస్ గల్లినే. మంచాల్లో ఉండే నల్లి కాదు, సాలీడుకు దూరపు చుట్టం.

1778లో దీనికి శాస్త్రీయ వర్ణన దొరికింది. ఆ తర్వాత చాలాకాలం కోళ్ల మీద దొరికినా, పావురాల మీద దొరికినా రాసింది మాత్రం ఒకే పేరు. 2011లో లీస్ రాయ్, థియరీ బ్యూరోన్‌ఫోస్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ఆ అలవాటును గట్టిగా ప్రశ్నించింది. పావురాల నల్లుల్లో ఒక వంశం జన్యుపరంగా మిగతావాటికి దూరంగా ఉంది. దానికి ఎల్1 అని పేరు పెట్టారు. పైకి చూస్తే తేడా తెలియదు, డీఎన్ఏ చదివితే తెలుస్తుంది.

షెడ్డు పైకప్పు మీద పావురాలు వాలితే, వాటి నల్లులు కోళ్లకు ఎక్కుతాయేమోనని రైతుకు టెన్షన్ సహజం. కానీ పావురం మీదిది వేరే జాతి అయితే అనుమానం ముందు కోళ్లను మోసే పెట్టెల మీదికి, గుడ్ల ట్రేల మీదికి మళ్లాలి. ఒక వంశం మీద పనిచేసిన మందు ఇంకో వంశం మీదా పనిచేస్తుందని ముందే అనుకోవడం కూడా తప్పే. జాతి పేరు తప్పైతే దాన్ని నమ్మి చేసే వైద్యమూ తప్పుతుంది.

ఈ జీవుల్లో జాతులు ఇంతగా దాక్కోవడానికి కారణం వాటి బతుకులోనే ఉంది. ఈక కాడలో నివసించే సిరింగోఫిలిడ్ నల్లులనే తీసుకోండి. బోలుగా ఉండే ఆ కాడే వాటి ఇల్లు. లోపలి నుంచే గోడకు సన్నటి నోటిభాగాలు గుచ్చి పక్షి ఒంట్లోని ద్రవం పీలుస్తాయి, అక్కడే పిల్లల్ని కంటాయి. కొత్త ఈక మొలిచేటప్పుడు ఆడవి దానిలోకి దూరతాయి. అంటే ప్రతి పక్షీ వాటికి ఒక దీవి. దీవుల మధ్య రాకపోకలు తక్కువైతే జన్యువులు విడిపోతాయి. కానీ అన్ని కాడల్లోనూ బతుకు ఒకేలాంటిది, కాబట్టి ఒంటి ఆకారం పెద్దగా మారకపోవచ్చు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ కూడా ఉంది. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. ఫ్లెమింగో ఈకల్లో దొరికిన రెండు రకాల ఆడ నల్లులను రెండు వేర్వేరు ప్రజాతుల్లో, అంటే దగ్గరి జాతుల గుంపుల్లో పెట్టారు. తర్వాత డీఎన్ఏ పోల్చి చూస్తే రెండూ ఒకే జాతి అని తేలింది, రూపాలే రెండు. కన్ను రెండు వైపులా మోసపోతోందన్నమాట.

అలాగని జన్యువు చెప్పిందే తీర్పు అనడానికి నేను ఒప్పుకోను. ఎక్కువగా చదివేది మైటోకాండ్రియాలోని, అంటే కణానికి శక్తినిచ్చే భాగంలోని సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 డీఎన్ఏ అక్షరాల ముక్క. అది తల్లి నుంచే వస్తుంది. ఎప్పుడో రెండు జాతుల మధ్య జరిగిన సంకరం గానీ, ఒంట్లోనే బతికే వోల్బాకియా లాంటి బ్యాక్టీరియా గానీ దాని చరిత్రను తారుమారు చేయగలవు. ఇంత శాతం తేడా ఉంది కాబట్టి కొత్త జాతి అని ప్రకటించేస్తే పాత తప్పునే కొత్త పరికరంతో చేసినట్టు. కణ కేంద్రకంలోని జన్యువులు, నల్లి ఒంటి మీది వెంట్రుకల కొలతలు, ఏ పక్షి మీద దొరికిందన్న వివరం కలిసొస్తేనే నమ్మాలి.

పాత పద్ధతిలో నల్లిని యాసిడ్‌లో నానబెట్టి స్లైడ్ చేసేవారు. చాలాసార్లు డీఎన్ఏ అక్కడే పాడయ్యేది. ఇప్పుడు ఒంటిని నలపకుండా ముందు డీఎన్ఏ తీసుకుని, మిగిలిన గుల్లను స్లైడ్ మీద భద్రపరచవచ్చు. ప్రతి పక్షి నల్లులనూ విడి సీసాలో ఆల్కహాల్‌లో వేసి, పక్షి పేరు అంటించి దాచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా అదే గుల్లను తీసి మళ్లీ చూసుకోవచ్చు.