సవరణ: నెహెమ్యా కట్టించింది మందిరం కాదు, గోడ

మొన్న బబులోను చెర (బబులోను వాళ్లు బందీలుగా పట్టుకెళ్లిన కాలం) నుంచి తిరిగొచ్చిన యూదుల మీద చదివిన నవల గురించి రాస్తూ, యెరూషలేము మందిరం మళ్లీ కట్టించింది నెహెమ్యా అనేశాను, అది తప్పు, నవలది కాదు నాదే. బైబిల్లో ఎజ్రా గ్రంథం తీసి చూస్తే, పర్షియా రాజు కోరెషు వెళ్లమన్నాక నాయకుడు జెరుబ్బాబెలు, యాజకుడు యేషూవలతో వెళ్లిన మొదటి బ్యాచ్ వాళ్లే పునాది వేశారు, బబులోను వాళ్లు కూల్చకముందు పాత మందిరం చూసిన ముసలాళ్లు గట్టిగా ఏడ్చేసింది కూడా అప్పుడే (నాకు బాగా నచ్చిన సీన్ అది, అయినా నెహెమ్యా కథతో కలిపేశాను). పని మధ్యలో ఆగిపోయి క్రీ.పూ. 516 ప్రాంతంలో పూర్తయింది. తర్వాతి కాలపు పర్షియా రాజు అర్తహషస్తకి ద్రాక్షారసం అందించే నెహెమ్యా, ఆ రాజు కోట ఉన్న షూషను నుంచి వచ్చింది ఓ 70 ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 445లో. యెరూషలేము ఊరి చుట్టూ గోడ మాత్రం 52 రోజుల్లో లేపేశారు, ఒక చేత్తో పని, ఇంకో చేత్తో ఆయుధం. పాత పోస్టులో ఆ లైన్ మార్చేశా.