వేప్‌లో ఉన్నది ఒట్టి ఆవిరి కాదు

బెంగళూరులోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. మారతహళ్లిలో ఉండే స్నేహితులు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే బంధువులు, చివరికి మా ఊరి గ్రూపువాళ్లు కూడా నాకు అదే పంపారు. దాని సారాంశం ఇది: ఏళ్ల తరబడి సిగరెట్ కాల్చేవాళ్లు వెంటనే వేప్‌కు, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్‌కు, మారాలి. అందులో ఉండేది నీటి ఆవిరే. అది 95 శాతం సురక్షితమని బ్రిటన్ ప్రభుత్వమే తేల్చింది. ఆరు నెలల్లో అలవాటు దానంతట అదే పోతుంది. ఇంట్లో పిల్లల ముందు పీల్చినా ఫర్వాలేదు. మన దేశంలో నిషేధం సిగరెట్ కంపెనీల కోసమే పెట్టారు, కొనుక్కుని వాడితే నేరం కాదు.

నేను పదిహేడేళ్లు సిగరెట్ కాల్చాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలు వేప్ పీల్చాను. ఇప్పుడు రెండూ లేవు. ఈ సందేశం పంపినవాళ్లలో మా బావమరిది కూడా ఉన్నాడు. రోజుకు పన్నెండు సిగరెట్లు కాలుస్తాడు, మానాలన్న కోరిక అతనికి నిజంగా ఉంది. అలాంటివాడికి తప్పు దారి చూపిస్తే ఊరుకోలేను.

మొదట నీటి ఆవిరి సంగతి. వేప్‌లో పోసే ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం కలిపే రసాయనాలు. బ్యాటరీతో ఒక సన్నని లోహపు తీగ వేడెక్కుతుంది. దాని చుట్టూ ఉన్న దూదిలోని ద్రవం పొగమంచులా మారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆ వేడికి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటివి పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం రేణువులు కూడా వస్తాయి. దూది ఆరిపోయినప్పుడు దమ్ము లాగినవాళ్లకు ఆ రుచి తెలుసు. గొంతులో మాడిన గుడ్డ అడ్డం పడినట్టు ఉంటుంది, గంట దాకా పోదు. నీటి ఆవిరి ఎక్కడైనా అలా కాలుస్తుందా?

95 శాతం అన్న అంకె మాత్రం గాలిలోంచి పుట్టింది కాదు. ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో ఇచ్చిన నివేదికలో, సిగరెట్‌తో పోలిస్తే వేప్ సుమారు 95 శాతం తక్కువ హానికరం అని ఉంది. అది ప్రయోగశాలలో కొలిచిన లెక్క కాదు. కొందరు నిపుణులు కూర్చుని, ఏ పొగాకు వస్తువు ఎంత హాని చేస్తుందో మార్కులు వేసి, 2014లో ప్రచురించిన అంచనా దానికి ఒక ముఖ్యమైన ఆధారం. ఆ ఆధారం బలహీనమైనదని వైద్య పత్రిక లాన్సెట్ అప్పుడే సంపాదకీయం రాసింది. పైగా సిగరెట్ కంటే తక్కువ హానికరం అనడం వేరు, సురక్షితం అనడం వేరు. సందేశం రాసినవాళ్లు మొదటి మాటను రెండో మాటగా మార్చేశారు.

అయితే న్యాయంగా ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. సిగరెట్‌లో పొగాకు కాలుతుంది. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఆ కాలడం వల్లే వస్తాయి. వేప్‌లో కాలేది లేదు. సిగరెట్ పూర్తిగా వదిలి వేప్ ఒక్కటే పీల్చేవాడి ఒంట్లోకి వెళ్లే విషాలు చాలావరకు తగ్గుతాయి. దీన్ని నేను కాదనను. వేప్ సిగరెట్ కంటే ప్రమాదమని ఎదురు సందేశాలు పంపేవాళ్లతో కూడా నేను ఏకీభవించను.

కానీ ఆ అంచనా పుట్టిన దేశంలో వేప్‌కు కట్టుబాట్లు ఉన్నాయి. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు. ద్రవం సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. అందులో ఏమేమి కలిపారో తయారీదారు ప్రభుత్వానికి ముందే తెలపాలి. నేను ఇక్కడ కొన్నది ఎలాంటిదో చెప్తాను. ఫోను కవర్లు అమ్మే ఒక దుకాణంలో, బల్ల కింది నుంచి తీసి ఇచ్చారు. సీసా మీద మామిడిపండు బొమ్మ, నికోటిన్ మోతాదుగా 50 అన్న అంకె ఉన్నాయి. తయారు చేసినవాళ్ల చిరునామా లేదు, గడువు తేదీ లేదు. ఆ 50 నిజమో కాదో చెప్పేవాడు కూడా లేడు. దొంగచాటు సరుకుతో ఏమవుతుందో అమెరికాలో 2019లో చూశారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఊపిరితిత్తుల దెబ్బతో ఆస్పత్రుల పాలయ్యారు, వాళ్లలో 68 మంది చనిపోయారు. అక్కడ ప్రధాన కారణం మామూలు నికోటిన్ ద్రవం కాదు. వేప్‌లో పోసిన గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అనే రసాయనం. చాలామంది దాన్ని స్నేహితుల దగ్గరో, చాటుగా అమ్మేవాళ్ల దగ్గరో తెచ్చుకున్నారు. సీసాలో ఏముందో తెలియకుండా పీల్చడమే వాళ్ల ప్రాణం మీదికి తెచ్చింది.

ఇక ఆరు నెలల్లో అలవాటు పోతుందన్న మాట. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

సిగరెట్‌కు ఒక చివర ఉంటుంది. వేళ్ల దాకా కాలాక పారేయాల్సిందే. ఆఫీసు నుంచి కిందికి దిగాలి, టీ బండి దాకా నడవాలి, అగ్గిపెట్టె అడగాలి, మళ్లీ మెట్లెక్కాలి. ఆ శ్రమ వల్లే నా లెక్క రోజుకు తొమ్మిది దగ్గర ఆగేది. వేప్‌కు ఆ చివర లేదు. స్నానాల గదిలో ఒక దమ్ము, లిఫ్టు కోసం నిలబడి ఒక దమ్ము, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో కారు అద్దం దించి నాలుగు దమ్ములు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే చెయ్యి దిండు కింద దాని కోసమే వెతికేది. సిగరెట్ కాల్చిన పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా నేను నిద్రలో లేచి కాల్చలేదు. ఇప్పటి ద్రవాల్లో చాలావాటిలో నికోటిన్‌ను లవణం రూపంలో కలుపుతారు. దానివల్ల గొంతు మండదు, ఎంత ఎక్కువ నికోటిన్ అయినా హాయిగా దిగిపోతుంది. ఆ మంట లేకపోవడాన్ని నేను మేలు అనుకున్నాను. నన్ను ఆపేది ఆ మంటేనని అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. ఇంగ్లండ్‌లో 886 మంది పొగతాగేవాళ్ల మీద జరిగిన పరిశీలన 2019లో వచ్చింది. ఏడాది తర్వాత, వేప్ ఇచ్చినవాళ్లలో 18 శాతం మంది సిగరెట్ మానారు. నికోటిన్ గమ్, చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీల వంటివి ఇచ్చినవాళ్లలో 9.9 శాతం మంది మానారు. వేప్ పక్షాన ఇది బలమైన సాక్ష్యం. కానీ ఆ రెండు గుంపులకూ కనీసం నాలుగు వారాలు ఎదురుగా కూర్చుని సలహా ఇచ్చే మనిషి ఉన్నాడు. అలా మానినవాళ్లలోనూ ఏడాది తర్వాత వేప్ పీలుస్తూనే ఉన్నవాళ్లు 80 శాతం. గమ్ములు, పట్టీల వైపు ఇంకా వాటిని వాడుతున్నవాళ్లు 9 శాతమే.

చాలామంది చేసేది ఇంకొకటి ఉంది. మా ఆఫీసు కింద టీ బండి దగ్గర రోజూ చూస్తాను. జేబులో వేప్, చేతిలో సిగరెట్. సగం తగ్గించాను కదా, సగం ప్రమాదం తప్పినట్టే అని వాళ్ల ధైర్యం. గుండె ఆ లెక్క ఒప్పుకోదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజుకు 20 సిగరెట్లు కాల్చేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, రోజుకు ఒక్కటి కాల్చేవాడికీ ఉంటుంది.

పిల్లల ముందు ఫర్వాలేదన్న మాట గురించి. మనం వదిలే పొగమంచులో నికోటిన్ ఉంటుంది, అతి సన్నని రేణువులు ఉంటాయి. సిగరెట్ పొగ కంటే తక్కువే కావచ్చు, అయినా పిల్లల ఊపిరిలోకి అవి వెళ్లనివ్వడం దేనికి? అంతకంటే పెద్ద భయం ఆ సీసా. నికోటిన్ ద్రవం పిల్లలు తాగితే విషం. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. సోఫా మీద నేను వదిలేసిన వేప్‌ను తీసి, ఈలలా నోట్లో పెట్టుకుని, మామిడిపండు వాసన వస్తోంది నాన్నా అంది. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. నేను మానడానికి కారణం ఏ పరిశీలనా కాదు, అదే.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. సిగరెట్లను బహిరంగంగా అమ్మనిచ్చి వేప్‌ను మాత్రం నిషేధించడం ఏమి న్యాయమన్న ప్రశ్నలో పస ఉంది. అయితే కర్ణాటక 2016లోనే వేప్‌ల అమ్మకాన్ని నిషేధించింది. కేంద్రం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ తెచ్చి డిసెంబరులో చట్టం చేసింది. వాడకానికి ఆ చట్టంలో విడిగా శిక్ష రాయలేదన్నది నిజమే. కానీ దిగుమతి, అమ్మకం, పంపిణీ నేరాలు. మొదటిసారికి ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దుబాయి నుంచి వచ్చే బావగారిని ఒకటి తెమ్మని అడిగేవాళ్లు, ఆయన నెత్తిన పెడుతున్న బరువేమిటో తెలుసుకోవాలి.

బెంగళూరులో ఉండి ఇంత దూరం వెతుక్కోవడం ఎందుకు? సిగరెట్ పెట్టె మీదే, మానడానికి సాయం చేసే 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంటుంది. ఈ సహాయం అందించే కేంద్రాల్లో మన ఊరి మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్ ఒకటి, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ వంటి మాత్రలు డాక్టరు చీటీ మీద దొరుకుతాయి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్‌కు చీటీ కూడా అక్కర్లేదు.

మా బావమరిది ఆ గమ్ కొన్నాళ్లు వాడి, పనిచేయలేదని పారేశాడు. చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి రసం మింగేశాడట. అది అలా వాడేది కాదు. నాలుగైదుసార్లు నెమ్మదిగా నమలాలి. నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ పంటి చిగుళ్లకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అరగంట పడుతుంది. ఫిల్టర్ కాఫీ తాగిన పావుగంట దాకా దాన్ని నోట్లో వేసుకోకూడదు, కాఫీలోని ఆమ్లం వల్ల నికోటిన్ సరిగా ఎక్కదు. అతను మాత్రం రోజూ కాఫీ తాగుతూనే నమిలాడు.