తాళ్లు కట్టి చేతులు దులుపుకుంటారా?

గులాబీ రంగు పురుగు పత్తి రైతును ఎలా ముంచుతోందో తెలుగు పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ విత్తనం, అందులో రెండో తరం కూడా దాని ముందు చేతులెత్తేసి ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు విరుగుడుగా ఫెరోమోన్ (ఆడ పురుగు వదిలే వాసన) పట్టించిన తాళ్లు, పేస్టులు వచ్చాయి. సంతోషమే. వాటిని చేలల్లోకి తెస్తున్న తీరు చూస్తే మాత్రం ఒళ్లు మండుతోంది. ఊరికి ఇద్దరో ముగ్గురో రైతులు, మనిషికో ఎకరం, గట్టు మీద ఒక ఫ్లెక్సీ, అధికారులతో ఒక ఫొటో. దీని పేరు ప్రదర్శన క్షేత్రం. ఒక మంచి టెక్నాలజీని మొగ్గలోనే తుంచేయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ఎందుకో చెప్పాలంటే ఆ తాడు చేసే పనేమిటో చూడాలి. ఆడ రెక్కల పురుగు రాత్రిపూట ఒక వాసన వదులుతుంది. మగది ఆ జాడ పట్టుకుని గాలికి ఎదురెగిరి దాన్ని చేరుతుంది. ఫ్యాక్టరీలో తయారైన అదే వాసనను చేను నిండా పరిస్తే, జాతరలో అన్ని మైకుల్లోనూ ఒకే పేరు పిలుస్తున్నట్టు, మగ పురుగుకు ఎటు పోవాలో తెలియదు. జత కుదరదు. జత కుదరని ఆడది గుడ్డు పెట్టినా అందులోంచి పురుగు రాదు. గూడ (పూమొగ్గ) పడే వేళకు, అంటే విత్తిన నలభై అయిదు రోజులకు అటూఇటూగా మొక్కలకు తాడు కడితే రెండు మూడు నెలలు వాసన వదులుతూనే ఉంటుంది. తేనెటీగకు చేటు లేదు, మందు కొట్టే పని తగ్గుతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి గుర్తున్నవాళ్లకు ఈ చివరి మాట విలువ తెలుస్తుంది. పైగా ఈ పురుగు గుడ్డులోంచి వచ్చీ రాగానే కాయలోకి దూరిపోతుంది. దూరిన రంధ్రం పూడుకుపోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన మందు కొట్టినా తడిసేది కాయ పైతొక్కే.

అయితే తాడు చేయలేని పని ఒకటుంది. పక్క చేలో జత కట్టి, కడుపుతో ఎగిరొచ్చే తల్లి పురుగును అది ఆపలేదు. దానికి మగవాడితో పని అయిపోయింది, ఇక వాసన ఎంత ఉంటేనేం? చుట్టూ వంద ఎకరాల్లో తాళ్లు లేని చోట, నడుమ ఒక ఎకరంలో కట్టి ఫలితం చూపమంటే ఏం చూపిస్తుంది? విచ్చుకోని గుడ్డి పూలు, పుచ్చిన గింజలే చూపిస్తుంది. జనవరిలో ఆ రైతు ‘ఇదీ పనిచేయలేదు’ అంటాడు. ఊరంతా నమ్ముతుంది. వ్యవసాయ శాఖ ఫైలు మూసేస్తుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. అమెరికా యాపిల్ తోటల్లో కాయ తొలిచే కాడ్లింగ్ మాత్ మీద ఇదే పద్ధతి వాడినప్పుడు చిన్న తోటల్లో, తోట అంచు వరసల్లో నష్టం ఆగలేదు. అందుకే 1995లో అక్కడి ప్రభుత్వ పరిశోధకులు, యూనివర్సిటీలు, రైతులు కలిసి వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియాల్లో ఐదు ప్రాంతాలు ఎంచుకున్నారు. వాషింగ్టన్‌లోని హోవార్డ్ ఫ్లాట్‌లో ముప్పై మందికి పైగా రైతులు దాదాపు 1,200 ఎకరాలను ఒకే తోటలా చూసుకున్నారు. ఎవరి కంచె వాళ్లదే, వాసన మాత్రం అందరిదీ. అప్పుడు గానీ మందుల వాడకం తగ్గలేదు. మన గులాబీ పురుగునే తీసుకున్నా, అమెరికా పత్తి నేలల్లో అది లేకుండా పోయిందని 2018 అక్టోబరులో ప్రకటించారు. బీటీ విత్తనం, ఫెరోమోన్, విమానాల నుంచి వదిలిన కోట్లాది వంధ్య (సంతానం కలగని) పురుగులు, పంట కాగానే కట్టె దున్నేయాలన్న నిబంధన అన్నీ కలిస్తే అయిన పని అది. రైతులు తమ వాటా డబ్బూ వేసుకున్నారు. ‘నా చేను, నా ఇష్టం’ అనే మాటకు అక్కడ చోటివ్వలేదు.

మన దగ్గర ఆ మాటకే పెద్దపీట. బీటీ సంగతి అప్పుడే మరిచిపోయారా? 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజలిచ్చి చేను చుట్టూ వేయమన్నారు. పురుగు బీటీకి అలవాటు పడకుండా కాపాడేది ఆ చిన్న పొట్లమే. ఎందరు వేశారు? గట్టున పారేసినవాళ్లే ఎక్కువ. ఎందుకు వేయాలో వాళ్లకు చెప్పిన వాళ్లు లేరు, వేశారా లేదా అని చూసిన వాళ్లూ లేరు. కంపెనీ పొట్లం పెట్టి చేతులు దులుపుకుంది, శాఖ కరపత్రం పంచి చేతులు దులుపుకుంది. బీటీ దెబ్బతినడానికి ఇదొక్కటే కారణమని అనడం లేదు గానీ, ఊరంతా చేయాల్సిన పనిని ఒక్కో రైతు నెత్తిన వదిలేసే ఆ అలవాటే ఇప్పుడు తాళ్ల దగ్గరా కనిపిస్తోంది. బీటీ పోతే ఫెరోమోన్ దొరికింది. ఫెరోమోన్ పరువు కూడా ఇలాగే తీస్తే ఆ తర్వాత ఏముంది?

ఇంకో తికమకా ఉంది. ఏళ్లుగా పంచుతున్న లింగాకర్షక బుట్టలనూ ఈ తాళ్లనూ ఒకే గాటన కట్టేస్తున్నారు. బుట్ట మగ పురుగును వాసనతో రప్పించి పట్టి, చేలో పురుగు ఉనికి చెప్పేది. రోజుకు ఎనిమిదేసి చొప్పున వరసగా మూడు రోజులు పడితే జాగ్రత్తపడమని దాని అర్థం. తాడు కట్టిన చేలో బుట్ట ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, మగ పురుగు దాన్నీ కనుక్కోలేదు కాబట్టి. ఖాళీ బుట్ట చూపించి ‘పురుగు పోయింది’ అనే డీలర్‌ను నమ్మితే అంతే సంగతులు. ఎకరాకు ఇరవై పచ్చికాయలు కోసి లోపల చూడాలి. రెండింట్లో పురుగు కనిపించినా తాడు ఒక్కటే చాలదని అర్థం. ఆ కాయలు కోసేదెవరు, లెక్క రాసేదెవరు?

నిధుల్లేవని, కొత్త పద్ధతిని ముందు చిన్నగా పరీక్షించాలని అధికారులు అంటారు. పరీక్ష అవసరమే, కాదనం. కానీ ఊరంతా చేస్తేనే పనిచేసే పద్ధతికి ఎకరంలో పెట్టే పరీక్ష పరీక్షే కాదు. ఇక నిధులంటారా, అరకొరగా పది జిల్లాల్లో చల్లే డబ్బును రెండు మండలాల్లో పెట్టండి.

తెలంగాణలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తున్నారు. సుమారు ఐదు వేల ఎకరాలకో క్లస్టర్, దానికో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో), ఒక రైతు వేదిక చొప్పున 2,601 వేదికలు కట్టారు. పత్తి ఎక్కువున్న ఒక్క క్లస్టర్‌ను పూర్తిగా తీసుకోవడానికి ఇంకేం కావాలి? ఆదిలాబాద్‌లో ఒకటి, నల్లగొండలో ఒకటి, ఆంధ్రప్రదేశ్‌లో పల్నాడులోనో కర్నూలులోనో ఒకటి చాలు. జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల చేలతో మొదలుపెట్టాలి, మిల్లులో నిల్వ ఉన్న గింజల్లోంచి కూడా మొదటి పురుగులు బయటికొస్తాయి కాబట్టి. నాలుగో ఏరుడు ఆశతో ఫిబ్రవరి దాకా కట్టె ఉంచి పురుగుకు చోటిచ్చేవాళ్లకు నచ్చజెప్పాలి, అవసరమైతే పరిహారం ఇచ్చయినా పీకించాలి. హైదరాబాద్‌లోనే ఫెరోమోన్లు తయారవుతుంటే సరుకు దొరకదనే సాకు కూడా చెల్లదు.

సేంద్రియం, ప్రకృతి సేద్యం, సమగ్ర సస్యరక్షణ అంటూ వేదికలెక్కి దంచే ఉపన్యాసాలకు మాత్రం ఏ లోటూ లేదు. కిందికొస్తే అదే ఎకరం, అదే ఫ్లెక్సీ. విత్తనాలు పడేలోపు క్లస్టర్ల పేర్లు ప్రకటించండి, ఎవరు బాధ్యులో పేరు పెట్టి చెప్పండి. ఆ మాత్రం చేతకాకపోతే ఆ తాళ్లను గోదాముల్లోనే ఉంచండి. సరిగా వాడని సరుకు పనిచేయలేదని వచ్చే జనవరిలో రైతుకు సుద్దులు చెప్పడానికి మాత్రం ఆ ఊళ్లకు వెళ్లకండి.