ముఖం అరిగిపోయిన ఇత్తడి పలక గారికి

మహారాజశ్రీ ఇత్తడి పలక గారికి,

చిత్తూరు నుంచి, మీరు నాలుగు రివిట్లతో అంటిపెట్టుకుని ఉన్న పాత లారీకి ప్రస్తుత హక్కుదారు వ్రాసుకుంటున్న విన్నపం. ఇంజను బరువు లాగింది, గేర్‌బాక్సు మూలిగింది, కమాన్‌పట్టీలు మొగిలి ఘాటు మీద విరిగి మళ్ళీ అతుక్కున్నాయి. మీకు మాత్రం కూర్చుని ఉండడమే ఉద్యోగంగా ఇచ్చారు. ఈ బండి ఏ సంవత్సరంలో తయారైందని ఎవరైనా అడిగితే చెప్పాలి, అంతే. అరవయ్యేళ్ళు కూర్చుని జీతం తీసుకున్న మీరు, తీరా అడిగిన రోజున తయారీ సంవత్సరం గడిలో 19 అన్న రెండంకెలు మాత్రం చూపించి, మిగిలిన చోట అద్దంలా నా ముఖమే నాకు చూపించారు.

మీ మౌనం వల్ల మా ఇంట్లో ఎన్ని చరిత్రలు పుట్టాయో మీకు తెలియదు. మా పెదనాన్న లెక్క ప్రకారం, తిరుమల మొదటి ఘాట్ రోడ్డుకు కంకర తోలింది మీ బండే. ఆ రోడ్డు మీద రాకపోకలు మొదలైనది 1944లో. బండిని చేసిన టెల్కో, అంటే నేటి టాటా మోటార్స్ కంపెనీ, జంషెడ్‌పూర్‌లో పుట్టింది 1945లో. ఆ కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు చేయడం మొదలుపెట్టింది 1954లో. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా వంశం కోసమే పుట్టిందని అప్పుడు అర్థమైంది. చిన్నాన్న మరికాస్త నిదానస్తుడు. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు పనికి బండి వెళ్ళిందంటాడు. కాదనను. అయితే ఒకాయన ఫలానా పెళ్ళికి వచ్చి భోంచేశాడని రుజువైనంత మాత్రాన ఆయన పుట్టినరోజు తెలిసిపోతుందా?

మీ పొరుగువారి సాక్ష్యాలూ తీసుకున్నాను. బానెట్టు మీది మూడు కొమ్మల నక్షత్రాన్ని, అంటే బెంజ్ వారి గుర్తును, మొదట నమ్మాను. ఆ జర్మనీ ఒప్పందం పదిహేనేళ్ళు నడిచి 1969లో ముగిసింది కాబట్టి, నక్షత్రం ఉన్న బండి 1954కూ 1969కీ నడుమ పుట్టినదే అయి ఉండాలని లెక్క వేశాను. మా మేస్త్రీ నవ్వి, నక్షత్రమన్నది బోల్టులతో బిగించే వస్తువనీ, ఆ రోజుల్లో దాని పరువు చూసి తర్వాతి బండ్లకూ ఎక్కించుకున్నవారు ఉన్నారనీ చెప్పి, నా లెక్కను గుడ్డతో తుడిచేశాడు. ఇంజను మీద గుద్దిన నంబరు ఆర్‌సీ పుస్తకంలోని నంబరుతో కలవదు, ఎందుకంటే పాత ఇంజను ఎప్పుడో పాతసామాన్ల అంగడికి చేరి, దాని స్థానంలో వేరే బండి గుండె వచ్చి కూర్చుంది. కేబిను, బాడీ తమిళనాడులో కట్టించినవి. అవి తమ వయసు చెప్పగలవు గాని బండి వయసు చెప్పలేవు. మొత్తం బండిలో తారీఖు దాచకుండా చెప్పినది టైరు ఒక్కటే. దాని పక్కగోడ మీద 2311 అని ఉంది, అంటే 2011వ సంవత్సరం ఇరవైమూడో వారం. ఆ సత్యసంధతకు మెచ్చుకున్నాను గాని, నాకు కావలసిన వయసు అది కాదు.

ఛాసిస్ పట్టీ మీద గుద్దిన నంబరు మాత్రం మిగిలింది. తుప్పు గీకి, కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. నేటి బండ్లకు పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. అందులో పదో స్థానాన్ని చూసి మోడల్ సంవత్సరం చెప్పే పద్ధతి ఉంది. అక్కడ ఇంగ్లీషు ‘A’ అక్షరం ఉంటే 1980 కావచ్చు, ముప్ఫై ఏళ్ళకు అదే అక్షరం తిరిగి వస్తుంది గనుక 2010 కూడా కావచ్చు. మీ కాలపు బండికి ఆ సౌకర్యం లేదు. కంపెనీ పాత చిట్టా పక్కన లేకపోతే, ఛాసిస్ నంబరు వట్టి నంబరే.

ఆర్‌సీ పుస్తకం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అసలు పుస్తకాన్ని చెదలు తిన్నాయి. ఒక కార్యాలయం వారు ఇచ్చిన నకలులో తయారీ సంవత్సరం దగ్గర ఒక అడ్డగీత ఉంది. ఆ గీత ఎంతో తిన్నగా, అందంగా ఉంది.

చివరికి అవ్వను అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "క్రోధి ఏడే రా నాయనా, నాకు బాగా జ్ఞాపకం ఉండాది. మీ నాయన పుట్టు వెంట్రుకలు తీయించను కొండకు పోయినప్పుడే అలిపిరి కాడ బండికి టెంకాయ కొట్టినాము" అంది. క్రోధి నామ సంవత్సరం అరవయ్యేళ్ళకు ఒకసారి వస్తుంది. కంపెనీ నంబరులోని అక్షరం ముప్ఫై ఏళ్ళకే తిరిగి వచ్చి గందరగోళం చేస్తే, మన పంచాంగం అరవయ్యేళ్ళు ఓపిక పట్టింది. మొన్న 2024లో వచ్చిన క్రోధి కాదు, 1904 నాటిదీ కాదు. కాబట్టి 1964 ఉగాదికీ 1965 ఉగాదికీ నడుమ టెంకాయ పగిలింది. అయితే ఆ రోజుల్లో కొన్నది లారీని కాదు, ఛాసిస్‌ను. కేబిను లేని ఆ ఉక్కు అస్థిపంజరం మీద, పెట్టె లాంటి సీటులో, తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు వందల మైళ్ళు ఎండలో తోలుకొచ్చాక, బాడీ కట్టేవాడి వరుసలో నెలలు గడిచాక, రంగు ఆరాక గాని అది అలిపిరి చేరలేదు. ఫ్యాక్టరీ గేటు దాటినది 1964లోనా, 1963లోనా? అది మీ ఒక్కరికే తెలియాలి.

ఇన్ని తంటాలు ఎందుకంటారా? 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా ఉంటే, ఇరవై వేల రూపాయల రుసుముతో వీఏ అక్షరాలున్న కొత్త నంబరు పదేళ్ళకు ఇస్తారు. ఆశగా చదివాను. అందులో లెక్క తయారీ నుంచి కాదు, రిజిస్ట్రేషన్ నుంచి. అంటే మీ కోసం నేను గీకిన తుప్పంతా వృథా. ఆ నియమాలు వర్తించేది సొంత వాడకపు రెండు, నాలుగు చక్రాల బండ్లకు. మీ బండికి వెనక జంట టైర్లతో కలిపి ఆరు, అదీ చిత్తూరు మండీ నుంచి బెల్లం, చింతపండు మోసి మూడు తరాలను పోషించినది. కష్టపడి బ్రతికినవారికి వింటేజ్ గౌరవం లేదన్నమాట.

ఇక మీ అంకెలను ఎవరు తిన్నారో తేలింది. దొంగలూ కారు, తుప్పూ కాదు. ప్రతి ఆయుధపూజకూ అవ్వ మిమ్మల్ని పూజగదిలోని ఇత్తడి చెంబుతో సమానంగా భావించి, చింతపండు పెట్టి తోమి, తళతళలాడించి, పసుపూ కుంకుమా పెట్టింది. అరవై మహర్నవములు! మీ బండి మోసిన చింతపండే మీ జ్ఞాపకశక్తిని తినేసింది. బండి వయసు చెప్పగలిగిన ఏకైక సాక్షీ, ఆ వయసును చెరిపిన ఏకైక ముద్దాయీ ఒకే మంచం మీద కూర్చుని వక్కాకు నములుతున్నప్పుడు నేను ఎవరిని నిలదీయాలి? మీరైనా ఒక్క ఏడాది, ఒక్క అంకె గట్టిగా పట్టుకుని ఉండవలసింది.

ఈ ఏడు కుంకుమ మాత్రమే పెట్టాలనీ, మీకు చింతపండు తాకించరాదనీ ఇంట్లో కచ్చితంగా చెప్పాను. అవ్వ వెంటనే ఒప్పుకుంది. నిన్న సాయంత్రం అంగడి నుంచి డజను నిమ్మకాయలు తెప్పించింది.

ఇట్లు,
మీ బండి తాళాలు మోస్తున్నవాడు