పర్మిట్‌లో థియేటర్, ప్రకటనలో బెడ్‌రూమ్

ఆగస్టు సెమిస్టర్ దగ్గర పడుతోంది. అమెరికా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలూ మొదలయ్యాయి. ‘బేస్‌మెంట్‌లో ప్రైవేట్ రూమ్, ఇండియన్ స్టోర్ పక్కనే, తెలుగు స్టూడెంట్స్‌కి ప్రాధాన్యం.’ ఫొటోలో కొత్త కార్పెట్, క్వీన్ సైజు మంచం, సీలింగ్ నిండా లైట్లు. కిటికీ మాత్రం కనిపించదు. కనిపించినా పైకప్పుకు ఆనుకుని, పిల్లి దూరేంత. న్యూజెర్సీ ఎడిసన్‌లోనైనా, వర్జీనియా యాష్‌బర్న్‌లోనైనా, అట్లాంటా శివార్లలోనైనా ఇదే వరస. (డాలస్ వాళ్లకు ఈ గొడవ తక్కువ. అక్కడి ఇళ్లకు బేస్‌మెంట్లే అరుదు.)

బేస్‌మెంట్ కట్టించుకునే పర్మిట్ కోసం యజమానులు టౌన్‌షిప్‌కు, అంటే స్థానిక పాలక సంస్థకు ఇచ్చిన కాగితాల్లో ఇలాంటి గదుల పేరు బెడ్‌రూమ్ కాదు. హోమ్ థియేటర్, జిమ్, ఆఫీసు, ఆఖరికి పూజగది! బెడ్‌రూమ్ అని రాస్తే ఆ గదికి విడిగా ఎగ్రెస్ విండో, అంటే ప్రమాదంలో బయటపడే కిటికీ పెట్టించాలి మరి. ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లేదాకా సోఫా, వెళ్లాక మంచం.

ఇళ్ల నిర్మాణ నిబంధనల కోడ్‌లో అర్థం కానిదేమీ లేదు. పడుకునే ప్రతి గదికీ మనిషి బయటపడగల కిటికీ ఉండాలి. తెరిచినప్పుడు వచ్చే ఖాళీ సాధారణంగా 5.7 చదరపు అడుగులకు (నేల మట్టానికి, అంతకు కిందికి ఉండే కిటికీలకైతే 5కు), వెడల్పు 20 అంగుళాలకు, ఎత్తు 24 అంగుళాలకు తగ్గకూడదు. ఈ చివరి రెండు కొలతలే చూసుకుని చిన్న కిటికీ బిగించి చేతులు దులుపుకునేవారు ఒకసారి గుణించి చూడాలి. వచ్చేది 3.3 చదరపు అడుగులే. కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. తాళంచెవితో, పనిముట్లతో పనిలేకుండా లోపలి నుంచే తెరుచుకోవాలి. నేల మట్టానికి దిగువనున్న కిటికీ తెరుచుకునేందుకు బయట తవ్విన గుంత 44 అంగుళాలకు మించి లోతుంటే అందులో నిచ్చెన ఉండాలి. పై అంతస్తు వంటింట్లో మంటలు లేస్తే కిందివాళ్లకు మెట్లదారి మూసుకుపోతుంది. అప్పుడు మిగిలేది ఆ కిటికీయే. గాలి సిలిండర్ వీపున మోసుకొచ్చే ఫైర్‌ఫైటర్ లోపలికి దూరాలన్నా ఆ మాత్రం ఖాళీ కావాలి.

పూర్తయిన గదిలో లోపలి గోడ పలకలు (డ్రైవాల్) విప్పి, కాంక్రీటు గోడ కోసి, గుంతకు డ్రెయిన్ వేయించడం వేల డాలర్ల పని అనీ, అద్దె తక్కువని పిల్లలే అడిగి మరీ వస్తున్నారనీ యజమానులంటారు. ఖర్చు నిజమే. కానీ వసూలు చేసేది థియేటర్ టికెట్ కాదు, నెలనెలా బెడ్‌రూమ్ అద్దె.

2024 జూలైలో ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో స్టోరేజీకి అనుమతి ఉన్న బేస్‌మెంట్‌లో లైబ్రరీ నడిపారు. వరదనీరు దూకి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-బైక్‌ల షోరూంలో మంటలు రేగి, పైన హోటల్‌లో దిగిన 8 మంది బలయ్యారు. ‘ఇండియాలో రూల్స్ ఎవడు పాటిస్తాడు’ అని అప్పుడు నిట్టూర్చని ఎన్నారై ఉన్నారా? కాగితం మీద ఒకటి, గదిలో మరొకటి అన్న ఆ విద్యనే హెచ్-1బీతో పాటు మోసుకొచ్చి, న్యూజెర్సీలో నడుపుతున్నది ఎవరు? అమెరికాలో ఏమీ కాదన్న ధీమా కూడా వద్దు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను అవశేషం కురిపించిన వానకు న్యూయార్క్ నగరంలో బేస్‌మెంట్ ఇళ్లలోనే 11 మంది చనిపోయారు.

తెలుగు సంఘాలదీ ఇదే తీరు. విద్యార్థి చనిపోతే రాత్రికి రాత్రే చందాలు పోగవుతాయి. ఆ విద్యార్థి అద్దెకున్న గదికి కిటికీ ఉందా అని అడిగిన సంఘం మాకు తెలిసి లేదు. అడిగితే నొచ్చుకునేది కార్యవర్గ సభ్యులే కావచ్చు!

‘అన్నా’ అని పిలిచి, గది చూడకుండానే హైదరాబాద్ నుంచి అడ్వాన్సు పంపుతున్న పిల్లలకు ఈ కోడ్ తెలియదు. యజమానులారా, పర్మిట్ మీద సంతకం పెట్టిన మీకు తెలుసు. గోడ కోయించి, ఇన్‌స్పెక్షన్ పాసయ్యేదాకా ఆ మంచం బయటికి తీయించండి, ప్రకటన తొలగించండి. అందాకా మీరు రాసిచ్చిన మాట ప్రకారం ఆ గదిలో సినిమాలే చూసుకోండి.